తెర మీద చేతబడి, మా ఊళ్లో చిల్లంగి

పోస్టు పెద్దదే. మెస్ లైన్లో నిలబడి సగం, రాత్రి పడుకునే ముందు సగం చదువుకోండి. కొన్ని సినిమాల సస్పెన్సులు కూడా చెప్పేస్తా. ఇంకా చూడనోళ్లు తర్వాత నన్ను తిట్టొద్దు.

పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు 'మా ఊరి పొలిమేర' క్లిప్పు పెట్టి, "ఇవన్నీ మన ఏజెన్సీలో నిజంగా ఉన్నాయి, సిటీ వాళ్లకి తెలీదు అంతే" అని రాశాడు. కింద బోలెడు లైకులు. అందులో ఒకటి నాది. రాత్రి పడుకున్నాక నిద్ర పట్టక లేచి ఆ లైకు తీసేశా. ఎందుకు తీసేశానో నాలుగు లైన్లు రాద్దామని కూర్చుంటే ఇంత అయింది.

నా గురించి తెలియనివాళ్లకి: గన్నవరంలో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నా, జువాలజీ. మా ఇంట్లో పది దాటిందే నేను మొదటివాణ్ణి. కొండరెడ్లం. దేవీపట్నం మండలంలో గోదారి ఒడ్డున మా ఊరు ఉండేది. ఇప్పుడు కాలనీలో ఉంటున్నాం. సినిమా ఎలా తీస్తారో, స్క్రీన్‌ప్లే అంటే ఏంటో నాకు పెద్దగా తెలీదు. టికెట్టు కొనుక్కుని వెళ్లి అరిచి వచ్చేవాడి మాటలు ఇవి, అలాగే తీసుకోండి.

నాకు భయం సినిమాలంటే పిచ్చి. లవ్ స్టోరీ అయితే ఫోన్లో వచ్చేదాకా ఆగుతా గానీ దెయ్యం సినిమాకి ఆగను. నెలకి ఒక సినిమా, అది నా రూలు. గన్నవరంలో బస్సెక్కి విజయవాడ దిగి గాంధీనగర్ నడిచి వెళ్లడం, సినిమా అయ్యాక ఆఖరి బస్సు దొరుకుతుందా లేదా అన్న టెన్షన్. సగం సార్లు ఆ టెన్షనే సినిమా కంటే బాగుంటుంది. సెప్టెంబరు 12న 'కిష్కింధపురి', 'మిరాయ్' ఒకే రోజు వచ్చాయి. మా రూమ్ రెండుగా చీలిపోయింది. నేను దెయ్యం పార్టీ. దెయ్యాల కొంపలు చూపించే టూరు పెట్టుకున్న జంట, పాడుబడ్డ రేడియో స్టేషను, అందులోంచి వచ్చే గొంతు. మొదటి సగం నా పక్కన కూర్చున్న సీనియరు అన్న నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. రెండో సగంలో దెయ్యం ఎందుకు దెయ్యం అయిందో చెప్పడం మొదలుపెట్టారు, ఇక భయం పోయింది. మన సినిమాలన్నిటికీ ఇదే జబ్బు. ఫ్లాష్‌బ్యాక్ మొదలైతే దెయ్యం కూడా చుట్టం అయిపోతుంది.

'మసూద' అలా కాదు. 2022లో వచ్చింది. అందులో గోపి అనే కుర్రాడు పక్క ఫ్లాట్లో ఉండే పిరికోడు. వాడికి ఏ శక్తులూ లేవు. పక్కింటి తల్లీ కూతుళ్లకి కష్టమొస్తే వణుక్కుంటూనే వెళ్తాడు. నాకు అదే నచ్చింది. 'క' కూడా నచ్చింది గానీ దానికి వేరే కారణం ఉంది. ఆ సినిమాలో కృష్ణగిరి అనే ఊరు చుట్టూ కొండలు, మధ్యాహ్నం మూడింటికే చీకటి పడిపోతుంది. థియేటర్లో అందరూ "అబ్బా, ఏం ఐడియా" అన్నారు. నేను నవ్వుకున్నా. మా ఊళ్లో చలికాలం అవతలి ఒడ్డు కొండ వెనక్కి సూర్యుడు తొందరగానే దిగిపోయేవాడు. మా అమ్మ పొయ్యి వెలిగించే టైముకి గన్నవరంలో ఇంకా క్రికెట్ ఆడుతుంటారు. మాకు అది ఐడియా కాదు, సాయంత్రం.

'హిట్ 3' గురించి ఎక్కువ చెప్పను. రక్తం ఎక్కువ, ఆలోచన తక్కువ. నాని కోసం చూశా, అంతే.

సరే, అసలు సంగతికి వస్తా.

'విరూపాక్ష' మీలో చాలామంది చూసే ఉంటారు. 2023 ఏప్రిల్లో వచ్చింది, నేను ఇంటర్ సెలవుల్లో చూశా. మొదలే 1979. రుద్రవనం అనే ఊళ్లో పిల్లలు చనిపోతుంటారు. ఊరికి కొత్తగా వచ్చిన మొగుడూ పెళ్లాం క్షుద్రపూజలు చేస్తున్నారని ఊరంతా కలిసి వాళ్లని తగలబెట్టేస్తారు. పన్నెండేళ్ల తర్వాత చావులు మళ్లీ మొదలవుతాయి. బాగా తీశారు, అజనీష్ లోక్‌నాథ్ సంగీతానికి ఒళ్లు గగుర్పొడిచింది. అయితే ఆ తగలబెట్టే సీన్ దగ్గర నేను తెర చూడలేదు, చుట్టూ జనాన్ని చూశా. ఎవరూ "అయ్యో" అనలేదు. పాప్‌కార్న్ తింటున్నారు. తప్పు వాళ్లది కాదు, అది కథలో మొదటి పది నిమిషాలు, ఇంకా అసలు హీరోనే రాలేదు. కథ ముందుకి వెళ్లాక ఏం తేలుతుంది? మంత్రం నిజమే, చావులు మంత్రం వల్లే. అంటే చేసిన పని దారుణం గానీ, ఊరోళ్ల అనుమానం మాత్రం మరీ గాల్లోది కాదన్నమాట.

'పొలిమేర'లో కూడా అంతే. మొదటి భాగం 2021లో ఫోన్లోకి వచ్చింది, రెండోది 2023లో థియేటర్‌కి. ఆటో నడుపుకునే అమాయకుడు కొమురయ్య, చివరికి చేతబడి చేసేది వాడే అని తెలుస్తుంది. సత్యం రాజేష్ అదరగొట్టాడు, కాదనను. ఆ ట్విస్టుకి నేను మంచం మీంచి లేచా. కానీ ఆ ట్విస్టు చెప్పేది ఏంటి? నీ పక్కన ఉన్నవాడు ఎంత మంచోడిలా కనపడినా సరే, వాడే చేస్తుండొచ్చు.

ఈ మాట విజయవాడలో మల్టీప్లెక్స్‌లో కూర్చుని వింటే థ్రిల్లు. మా దగ్గర వింటే వేరు.

మా అమ్మమ్మకి ఒక చెల్లెలు ఉంది. నేను చిన్నమ్మమ్మ అంటా. ఆమెకి ఆకులు, వేర్లు, పసర్లు తెలుసు. జొరాలకి, పాము కాటుకి, బాలింతలకి ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. డబ్బులు తీసుకునేది కాదు, ఒక కోడిపెట్టో సోలెడు జొన్నలో. నేను ఏడో తరగతిలో ఉండగా, 2017 వానాకాలం, ఊళ్లో ఒక పిల్లాడికి జొరం వచ్చింది. మూడో రోజుకి ఫిట్స్, అరుపులు, అమ్మని కూడా గుర్తుపట్టడం లేదు. కళ్లు పైకి తేలేశాడు. గోదారి పొంగి ఉంది, పడవ కట్టలేదు. నాలుగో రోజు పోయాడు. అంతకు రెండు రోజుల ముందు చిన్నమ్మమ్మ వాడికి పసరు పోసింది. ఎవరో ఒకరు 'చిల్లంగి' అన్నారు. ఎవరో నాకు ఇప్పటికీ తెలుసు, పేరు రాయను, వాళ్లు మాకు చుట్టాలే.

రాత్రి పెద్దలు కూర్చున్నారు. కొట్టలేదు. కొట్టలేదని మా అమ్మ ఇప్పటికీ దేవతకి దణ్ణం పెట్టుకుంటుంది. తెల్లారేసరికి చిన్నమ్మమ్మ మూట కట్టుకుని అవతలి ఒడ్డున మరిది వాళ్ల ఊరికి వెళ్లిపోయింది. అప్పటికి నేను కూడా నమ్మా. ఇది దాచుకోకుండా చెప్పాలి. ఆమె మూటతో పోతుంటే నేను అరుగు మీంచి చూశా. పలకరించలేదు. నా వైపు చూస్తే ఏమన్నా అవుతుందేమోనని ఇంట్లోకి పోయా.

పోయినేడు డిగ్రీ మొదటి సంవత్సరంలో మలేరియా పురుగు జీవిత చక్రం చెప్పారు. ప్లాస్మోడియం ఫాల్సిపారం. బోర్డు మీద బొమ్మ గీసి, ఇది మెదడు రక్తనాళాల్లో చేరితే ఫిట్స్ వస్తాయి, పిచ్చిగా మాట్లాడతారు, మనుషుల్ని గుర్తుపట్టరు, కోమాలోకి వెళ్తారు, టైముకి మందు పడకపోతే చనిపోతారు అని మేడం చెప్తున్నారు. క్లాసంతా రాసుకుంటోంది. నా పెన్ను ఆగిపోయింది. ఆ పిల్లాడికి అదేనో కాదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు, రక్త పరీక్ష చెయ్యలేదు కదా. కానీ మేడం చెప్పిన ప్రతి లక్షణం నేను ముందే రెండు చోట్ల చూశా. ఒకటి మా ఊళ్లో, రెండోది దెయ్యం సినిమాల్లో. కళ్లు తేలెయ్యడం, ఒళ్లు విల్లులా వంగడం, వేరే గొంతుతో అరవడం. మన దర్శకులు దెయ్యం పట్టింది అని చూపించేదంతా జొరం ముదిరిన పిల్లాడిలాగే ఉంటుంది. తేడా ఏంటంటే, సినిమాలో ఆ సీన్ తర్వాత హీరో తాళపత్రం వెతుకుతాడు. అక్కడ కావాల్సింది వేలి మీద చిన్న సూది గుచ్చు, పడవ, మందు.

బీహార్‌లో 1999లోనే మంత్రగత్తె అని ముద్ర వెయ్యడాన్ని నేరం చేస్తూ చట్టం తెచ్చారు. జార్ఖండ్ 2001లో, ఒడిశా 2013లో. ఒడిశా అంటే మనకి సరిహద్దే, మన చుట్టాలు అటువైపు కూడా ఉన్నారు. మన రాష్ట్రంలో దానికని ప్రత్యేకంగా చట్టం లేదు. కొట్టాక, చంపాక మామూలు కేసు పెడతారు. కొట్టకుండా మూట కట్టించి పంపేస్తే ఏ కేసూ లేదు.

ఇక్కడ ఒక అన్న తప్పకుండా అంటాడు, "ఒరేయ్, రెండు ముక్కలు చదివి మన ఆచారాల్ని వెక్కిరిస్తున్నావా" అని. లేదన్నా. మామిడి పండగ చెయ్యకుండా మా అమ్మ ఇప్పటికీ మామిడికాయ కొరకదు, నేను హాస్టల్లో మెస్ వాళ్లు మామిడికాయ పప్పు పెడితే పండగ అయ్యేదాకా తినను. రూమ్మేట్స్ నవ్వుతారు, నవ్వనీ. దేవతకి భయపడటం వేరు, ముసలామె వైపు వేలు చూపించడం వేరు. మొదటిది మనల్ని కలిపి ఉంచుతుంది. రెండోది ఊళ్లోంచి ఒకర్ని తగ్గిస్తుంది, అది కూడా ఎప్పుడూ ఎవర్ని? మొగుడు పోయిన వాళ్లని, పిల్లల్లేని వాళ్లని, రెండెకరాల పోడు ఒంటరిగా చేసుకునే వాళ్లని.

ఇంకో అన్న అంటాడు, "సినిమాని సినిమాలా చూడు" అని. చూస్తున్నా అన్నా, టికెట్టు కొని మరీ చూస్తున్నా. కానీ సినిమా మమ్మల్ని సినిమాలా వదిలెయ్యట్లేదు. 'బాహుబలి' వచ్చినప్పుడు నాకు పదేళ్లు. కాలకేయులు వచ్చినప్పుడు ఆశ్రమ పాఠశాలలో అందరం తెగ నవ్వాం, ఆ కిలికి భాష పలికి ఆడుకున్నాం. తర్వాత ఇంటర్‌కి మైదానం వచ్చా. నల్లగా ఉంటా, మాట యాసగా ఉంటుంది. వారం తిరక్కుండా నా పేరు కాలకేయ అయిపోయింది. రెండేళ్లు అదే పేరు. పిలిచిన వాళ్లు చెడ్డవాళ్లు కాదు, పరీక్షలప్పుడు నోట్సు ఇచ్చింది కూడా వాళ్లే. ఆ పేరు వాళ్లు కనిపెట్టింది కాదు, వాళ్ల చేతికి ఎవరో ఇచ్చారు. అడవిలో ఉండేవాడు, నల్లగా ఉండేవాడు, అర్థం కాని భాష మాట్లాడేవాడు అంటే వాడు మంద, వాడు చావడానికే వచ్చాడు అని.

అందుకే 'కొత్త లోక' చూసినప్పుడు నాకు ఏదో అయిపోయింది. మలయాళంలో 'లోక', తెలుగులో ఆగస్టు ఆఖర్లో వచ్చింది, కళ్యాణి ప్రియదర్శన్. మామూలు సూపర్ హీరో సినిమా అనుకుని వెళ్లా. మధ్యలో ఆమె చిన్నప్పటి కథ వస్తుంది. కేరళలో అందరూ భయపడే యక్షి, కల్లియంకాట్టు నీలి. ఆ నీలి అడవి పిల్ల అని చెప్పారు. గుడి దగ్గరికి రానివ్వని మనుషులు, రాజు పంపిన సైనికులు, గూడెం మొత్తాన్ని చంపడం, పిల్ల గుహలోకి పారిపోవడం. అక్కడి గబ్బిలాల వల్ల ఆమె మారిపోతుంది, దానికి కూడా మంత్రం కాదు, వైరస్ లాంటి కారణం పెట్టారు. అంటే ఊరు దెయ్యం అని చెప్పుకునేది ఎవర్నయ్యా అంటే, ఆ ఊరు ఏం చేసిందో చూసి బతికి బయటపడ్డ పిల్లని. నా పక్క సీట్లో ఎవరో ఫోన్ చూసుకుంటున్నాడు. నాకు మాత్రం చిన్నమ్మమ్మ మూట గుర్తొచ్చింది. ఇంటర్వెల్‌లో సమోసా కొనుక్కోవడం కూడా మర్చిపోయా. నాకది చిన్న విషయం కాదు.

'భ్రమయుగం' కూడా చూడండి, మమ్ముట్టిది, మొత్తం నలుపు తెలుపు. పారిపోయి వచ్చిన ఒక పాటగాడు పెద్దింట్లో చిక్కుకుంటాడు. పెద్ద భయం దెయ్యం వల్ల రాదు, ఆ ఇంటి యజమాని పాచికలాట ఆడదాం రా అని నవ్వుతూ పిలవడం వల్ల వస్తుంది. మా వాళ్లు అప్పు కాగితం మీద వేలిముద్ర వేసిన కథలు విన్నవాళ్లకి ఆ నవ్వు తెలుసు. 'కాంతార' సంగతి మీకు చెప్పక్కర్లేదు. మొదటిది నాకు ఎక్కువ ఇష్టం. దసరాకి వచ్చిన చాప్టర్ 1 పెద్దది, గొప్పగా ఉంది గానీ, మొదటిదాంట్లో దైవం భూమి గురించి మాట్లాడుతుంది చూడండి, అది మన దేవతలు మాట్లాడే మాట. కన్నడం వాళ్లు, మలయాళం వాళ్లు అడవి వైపు నుంచి కెమెరా పెట్టి డబ్బులు కూడా సంపాదించారు. మన తెలుగు వాళ్లు ఇంకా ఊరి వైపు నుంచే అడవిని చూస్తున్నారు.

సైన్స్ ఫిక్షన్ గురించి కూడా రెండు మాటలు. 'కల్కి' వచ్చినప్పుడు టికెట్టు మీద సింగిల్ స్క్రీన్‌కి 75, మల్టీప్లెక్స్‌కి 125 రూపాయలు పెంచుకోవచ్చన్నారు, రెండు వారాలు. ఆ రెండు వారాలు ఆగి, రేటు దిగాక చూశా. కింద కాశీ ఎండిపోయి ఉంటుంది, పైన తిరగేసిన పిరమిడ్‌లా కాంప్లెక్స్, నీళ్లు, చెట్లు, తిండి అన్నీ అక్కడే. మిలియన్ యూనిట్లు ఉంటేనే లోపలికి. అందరూ ప్రభాస్ ఎంట్రీ గురించి, చివర్లో కర్ణుడి గురించి మాట్లాడుకుంటున్నారు. నేను బస్సులో కాంప్లెక్స్ గురించే ఆలోచించా. గన్నవరం పక్కగా పోలవరం కుడి కాలువ వెళ్తుంది. పట్టిసీమ దగ్గర 24 పంపులతో ఎత్తిన గోదారి నీళ్లు దాంట్లో పడి కృష్ణకి వస్తాయి, ఇక్కడి డెల్టా వరికి అందుతాయి. హాస్టల్లో చేరిన కొత్తలో ఒక ఆదివారం ఫ్రెండు బండి మీద ఆ కాలువ గట్టుకి తీసుకెళ్లాడు. "ఇవి మీ ఊరి నీళ్లే రా" అన్నాడు సరదాగా. చెయ్యి పెట్టి చూశా. ఇక్కడి రైతు మీద నాకు ఏ కోపం లేదు, మా మెస్‌లో అన్నం ఆయనదే. కానీ 2898లో జరిగేది అని నాగ్ అశ్విన్ చూపించిన దాంట్లో సగం నాకు పాత కథలా అనిపించింది.

'ఒకే ఒక జీవితం' అయితే అసలు చెప్పకూడదు. శర్వానంద్ టైం మెషిన్‌లో 1998కి వెళ్తాడు, చనిపోయిన అమ్మని చూడటానికి. అంతకుముందు మన దగ్గర 'ఆదిత్య 369'లో రాయలవారి దగ్గరికీ, 2504కీ వెళ్లొచ్చారు. అది సరదా. దీంట్లో ఒక ఇంటి గుమ్మం దగ్గరికి వెళ్తారు, అంతే. హాస్టల్లో ఫోన్లో చూశాం, ఆరుగురం. అయ్యాక ఎవరు ఏ సంవత్సరానికి వెళ్తారో చెప్పుకున్నాం. ఒకడు టెన్త్ మ్యాథ్స్ పేపర్ రోజుకి అన్నాడు. ఇంకొకడు బిట్‌కాయిన్ కొంటా అన్నాడు. నా వంతు వస్తే 2019 ఆగస్టు ముందు ఏ రోజైనా పర్లేదు అన్నా. ఎందుకు అన్నారు. ఆ వరదకి కాఫర్ డ్యాం వెనక నీళ్లు ఎగదన్ని మా వాకిట్లోకి వచ్చాయి. వెళ్తే ఇంటి ముందు చింతచెట్టు ఒక్కసారి ఎక్కి దిగి వస్తా. ఎవరూ ఏం అనలేదు. తర్వాత లైటు ఆపేశారు.

ఇప్పుడు మళ్లీ చిన్నమ్మమ్మ దగ్గరికి. కాలనీ ఇళ్లు ఇచ్చినప్పుడు జాబితాలో ఆమె పేరు మా ఊరి కిందే ఉంది కాబట్టి మా వీధిలోనే వచ్చింది. పంపేసిన ఊరే మళ్లీ చుట్టూ కూర్చుంది. నాలుగైదేళ్లుగా ఎవరూ ఏం అనలేదు, మర్చిపోయారనుకున్నా. ఈ దసరాకి ఇంటికెళ్తే, మా కాలనీ కుర్రాళ్లు, అందరికీ పదమూడు పద్నాలుగేళ్లు, ఆమె కుళాయి దగ్గరికి వస్తుంటే 'పొలిమేర ముసల్ది' అని ఆ సినిమా మ్యూజిక్ నోటితో వాయిస్తున్నారు. 2017 సంగతి వాళ్లకి తెలిసే వయసు కాదు. ఇంట్లో ఎక్కడో విన్న పాత ముక్క ఒకటి, ఫోన్లో చూసిన కొత్త ముక్క ఒకటి, రెండూ అతుక్కున్నాయి. అందులో ఒకడు నా సొంత మేనమామ కొడుకు. చెవి మెలిపెట్టి అడిగితే, "సరదాకి బావా, సినిమాలోది" అన్నాడు. రేపు కాలనీలో ఏ పిల్లకో జొరం ముదిరితే ఈ సరదా ఎటు తిరుగుతుందో వాడికి తెలీదు.

ఆ సాయంత్రం చిన్నమ్మమ్మ ఇంటికి వెళ్లా. ఎనిమిదేళ్ల తర్వాత. ఏం మాట్లాడాలో తెలీక సినిమా కథ చెప్పా, నీలి కథ. మంచం మీద కూర్చుని వెదురు పేళ్లు చీలుస్తూ మొత్తం వింది. గుహ ఎక్కడ, ఆ పిల్ల ఏం తింటది అని అడిగింది. రక్తం తాగుద్ది అంటే పళ్లు లేని నోటితో పకపకా నవ్వింది. "మరి దానికాడికి జొరమొచ్చినోళ్లు మందుకి వత్తారా?" అంది.

రారు, అందరికీ భయం అన్నా.

"నాకాడికి వత్తారు. పొద్దుగూకాక వత్తారు, ఎనక తలుపు కాడికి" అంది.

క్లిప్పు పెట్టిన తమ్ముడూ, నీ మీద నాకు కోపం లేదు. క్లిప్పు తియ్యమని కూడా అనను, సీన్ బాగుంది, ఉంచు. పైన "నిజంగా ఉన్నాయి" అని రాశావు చూడు, ఆ లైను ఒక్కటి మార్చు. మిగతావాళ్లు ఎవరి ఊళ్లో ఇలాంటిది జరిగిందో కింద రాయండి, పేర్లు వద్దు. జొరానికి రక్త పరీక్ష చెయ్యించుకోమని చెప్పే వీడియో మన యాసలో ఎవరన్నా చేస్తానంటే రాయడానికి నేను రెడీ, కెమెరా ముందుకి మాత్రం రాను. రేపు ఇంటర్నల్ ఉంది, ఇంకా ఒక యూనిట్ మిగిలింది. ఉంటా.